చిన్న గాడిద

పిల్లలూ! అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో మిషన్ అనే పేట ఉంది. మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలెన్నో అక్కడ కాపురముంటున్నాయి. వారి ఫలహారశాలలను టకేరియాలంటారు. 1960ల నుంచి ఆ పేట బరీటోకు ప్రసిద్ధి. స్పానిష్ భాషలో ఆ మాటకు "చిన్న గాడిద" అని అర్థం!

మీరు శాకాహారులైతే, ముందు రెండు ప్రశ్నలు అడగండి: "చిక్కుడుగింజలు పందికొవ్వుతో వండారా? అన్నం కోడిరసంలో ఉడికించారా?" కొన్నిచోట్ల అలా వండుతారు. పైకి చూస్తే తెలియదు. కనుక అడగడానికి సిగ్గుపడకండి.

ఆ రెండూ లేవన్నారా? ఇక పరీక్ష మొదలుపెట్టండి. మైదారొట్టెను ఆవిరిలో మెత్తబరచాలి. లేకపోతే చుట్టేటప్పుడు చిరుగుతుంది. లోపలంతా అన్నమే కూరితే మార్కులు తగ్గించండి. ప్రతి ముద్దలోనూ గింజలూ, అన్నమూ, టమాటాపచ్చడీ, అవకాడోగుజ్జూ కలిసి తగలాలి. పైనున్న అల్యూమినియం రేకును తిన్నకొద్దీ విప్పాలి. ఒక్కసారే విప్పారో, అంతా ఒళ్ళో పడుతుంది!

ఇంకొక విశేషం. దేహపుష్టికి అవసరమైన లైసిన్ బియ్యంలో తక్కువ, చిక్కుడుగింజల్లో ఎక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. మన పప్పన్నంలోని కిటుకూ ఇదే కదా!