ఇంటికి వెల కట్టించిన వైనం

మా తాతగారు కట్టించిన యిల్లు రాజపాళయంలో చావడికి నాలుగిళ్ల అవతల వున్నది. సున్నపు గోడలు, టేకు స్తంభాలు, నడుమ ముంగిలి, వసారాలో ఊయలబల్ల. యీ పత్రిక చదివేవారిలో యిటువంటి యింటి గడప దాటనివారు తక్కువే. "యిల్లెంత చేస్తుంది?" అని యెవరైనా అడిగితే మా నాయనగారు, "అమ్ముకొనేవాణ్ణి అడుగవలసింది నన్నడుగుతావేమయ్యా!" అని కసిరేవారు. ఆయన వున్నంతకాలం ఆ యింటికి వెల లేదు. 2022లో ఆయన పోయి, సంవత్సరీకాలు కూడ అయిన తరువాత, వెల కావలసివచ్చింది.

అక్కయ్య, మేము, యిద్దరు తమ్ముళ్లు. చిన్నతమ్ముడు ఆ యింట్లోనే కాపురమున్నాడు. యిల్లు అతనికి వదలి, అతడు మిగిలినవారికి పైకమిచ్చేటట్లు మాట అనుకొన్నాము. ఎంత పైకమన్నచోటనే చిక్కు వచ్చింది. రిజిస్ట్రారు ఆఫీసు గైడ్‌లైన్ ధర ప్రకారం 40 లక్షలని చిన్నతమ్ముడు లెక్క వేశాడు. తెన్‌కాశి రోడ్డు మీద యెవరిదో స్థలం పోయిన ధర చూపి, 90 లక్షలకు తక్కువ లేదని ఒక బ్రోకరు పెద్దతమ్ముడికి చెప్పాడు. మూడు నెలలు అన్నదమ్ములం ఒకరి యింట ఒకరం కాఫీ తాగలేదు.

అక్కయ్య మాత్రం ఏమీ అనలేదు. ఆమెకు పసుపుకుంకుమ కింద 5 లక్షలిచ్చి, విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకొందామని మేము మగవాళ్లం ముగ్గురమూ ముందే అనుకొన్నాము. దాచనేల, ఆ మాట మొదట అన్నది మేమే. ఆమె పెళ్లి 1984లో అయింది. తమిళనాడులో ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమానహక్కు 1989లోనే వచ్చినా, అప్పటికే పెళ్లయినవారికి అది లేదు. మా తెలివి అక్కడే ఆగిపోయింది. 2005లో కేంద్ర చట్టం మారి ఆ తేడా పోయిందనీ, 2020లో సుప్రీంకోర్టు దానిని మరీ స్పష్టం చేసిందనీ పత్రం వ్రాయబోయిన వకీలుగారు చెప్పినప్పుడు మాకు తల యెత్తుకోను లేకపోయింది. "ముందు యింటికి సరైన వెల కట్టించుకొని రండి" అని ఆయనే పంపించారు.

మధుర నుంచి వాల్యుయరుగారు వచ్చారు. వచ్చీ రాగానే వెల చెబుతాడని మేము పీటలు వేసుకొని కూర్చున్నాము. ఆయన దస్తావేజు అడిగి (మనం మాట్లాడేది తెలుగైనా పత్రాలన్నీ తమిళమే గదా), టేపు తీసి కొలత మొదలుపెట్టారు. పత్రంలో 9 సెంట్లు. నేల మీద ఎనిమిదింబావు. తక్కినది పెరటి బావి వైపు, యెప్పటి నోటిమాట మీదనో పినతాతగారి వారి గోడలోపలికి పోయి వున్నది. ఆ సంగతి మాలో ఒక్కరికీ తెలియదు.

తరువాత నేలకు వేరే, కట్టడానికి వేరే లెక్క. అదే వీధిలో, పక్క వీధిలో యీమధ్య రిజిస్టరయిన అమ్మకాలు చూచి నేలకు ధర తేల్చారు. గైడ్‌లైన్ ధర స్టాంపు సుంకం కోసం వీధికంతా కలిపి కట్టినది. మీ యింటి గోడ బీటలు దానికి తెలియవన్నారు. బ్రోకరు చూపినది అంగళ్ల రోడ్డు, యిది కారు తిరగని వీధి. ఇక కట్టడం: అంత యిల్లు యీనాడు కట్టాలంటే అయ్యే ఖర్చులో నుంచి వయసుకు తగినంత తరుగు తీసివేయాలి. వెనుకగది దూలానికి చెదలు పట్టిందని వేలితో పొడిచి చూపారు. యెనభైయేళ్ల గోడలకు మిగిలినది కొంచెమే. టేకు స్తంభాలు కాస్త పరువు నిలబెట్టాయి.

మొత్తం 62 లక్షలు. నాలుగో వంతు పదిహేనున్నర.

మేము 5 లక్షలకు సంతకం పెట్టించబోయిన అక్కయ్య ఆ కాగితం చదివి, కళ్లజోడు తీసి, "నాయనకు యిన్ని లెక్కలు తెలిసివుంటే బ్రతికుండగానే చెప్పేవాడురా" అన్నది. మా తప్పును ఆయన మీదికి నెట్టి మమ్మల్ని కాచింది కాబోలు.

1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రపు ముఖ్యమంత్రిగా వుండిన మన కుమారస్వామిరాజుగారు తమ సొంత యింటిని గాంధీ కళామన్రానికి యిచ్చివేశారు. అంత మనసున్నవారికి వాల్యుయరుతో పని లేదు. పంచుకొనే మా బోటివారికే ఆయన కావాలి.

రుసుము దండుగన్న పెద్దతమ్ముడే చివరికి యింకొక కాగితం కూడ అడిగి వ్రాయించాడు. ఎప్పుడైనా అమ్మితే లాభంపై పన్నుకు 2001 ఏప్రిల్ 1 నాటి విలువ కావాలట. 2017కు ముందు అది 1981 నాటిది. ఆనాటి ప్రభుత్వ ధరను మించి చూపడానికి లేదని కూడ వాల్యుయరుగారు హెచ్చరించారు.

చిన్నతమ్ముడు బ్యాంకు అప్పు తీసి అక్కయ్యకు మొదట చెల్లించాడు. మాకు మూడు వాయిదాలు. పినతాతగారి వారితో బావి వైపు గోడ మాటలు యింకా నడుస్తున్నవి. ఊయలబల్లను మాత్రం వాల్యుయరుగారు లెక్కలో వేయలేదు. అది కట్టడం కాదు, కదిలే సామానట. దానికోసం నలుగురమూ పోయిన సంక్రాంతికి కూడ తగవులాడుకొన్నాము.