ఫైల్ ఉంది, కానీ లేదంటుంది

ప్రోగ్రామింగ్ నేర్పే ఇంజనీరింగ్ కాలేజీలు మన దగ్గర చాలానే ఉన్నాయి. ఆ ప్రోగ్రాం రాయడానికి కావలసిన సరంజామాను కంప్యూటర్‌లో ఎలా అమర్చుకోవాలో చెప్పేవారే తక్కువ. అందుకే చాలామంది పిల్లలు మొదటి లైన్ రాయకముందే ఆగిపోతారు. తెలివి లేక కాదు, తెర మీద వచ్చిన ఎర్రర్‌ను ఎలా చదవాలో ఎవరూ చెప్పకపోవడం వల్ల.

2014 మార్చిలో మా మేనకోడలు సరిగ్గా ఆ స్థితిలోనే ఉంది. చిన్న పట్టణంలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. ఊళ్లోని బస్సు స్టాపులను మ్యాప్ మీద చూపించే ఆండ్రాయిడ్ అప్లికేషన్ ఆమె ప్రాజెక్టు. చేతిలో స్మార్ట్‌ఫోన్ లేదు కాబట్టి, కంప్యూటర్‌లోనే ఫోన్‌లా పనిచేసే ఎమ్యులేటరే గతి. అందులో మ్యాప్ కనిపించాలంటే ఆండ్రాయిడ్ ఎస్‌డీకేతో పాటు గూగుల్ ఏపీఐస్ అనే యాడ్-ఆన్ కూడా వేసుకోవాలి. ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఉబుంటు 13.10. ఇంటర్నెట్ డాంగిల్‌తోనే. రెండుసార్లు డౌన్‌లోడ్ చేసి, రెండుసార్లు చెరిపేసింది. మా బావ రెండుసార్లు రీచార్జి చేయించారు. అప్పుడు నాకు ఫోన్ చేసింది.

"ఫైల్ లేదంటోంది మావయ్యా. నా కళ్లెదుటే ఉంది. ఇది నావల్ల కాదేమో" అంది.

"ఇంకోసారి డౌన్‌లోడ్ చెయ్యకు. ఒక్కొక్కటే చూద్దాం" అన్నాను.

మొదటి చిక్కు యాజమాన్యానిది. సీనియర్ ఒకరు చెప్పారని ఎస్‌డీకేను సిస్టమ్ ఫోల్డర్‌లో పెట్టింది. లైనక్స్‌లో అక్కడ రాసే హక్కు రూట్ యూజర్‌దే. మామూలు యూజర్‌గా యాడ్-ఆన్ దించబోతే ఫోల్డర్ సృష్టించలేకపోయానని ఎస్‌డీకే మేనేజర్ మొరాయించింది. దాంతో సుడో పెట్టి నడిపింది. పని అయినట్టే కనిపించింది గానీ, వచ్చిన ఫైళ్లన్నీ రూట్ పేరు మీదకు వెళ్లాయి. మొత్తం ఫోల్డర్‌ను ఆమె హోమ్ ఫోల్డర్‌లోకి తెచ్చి, యాజమాన్యం ఆమె పేరుకు మార్పించాను.

రెండోది అసలు చిక్కు. ఫోన్‌తోనూ ఎమ్యులేటర్‌తోనూ మాట్లాడే ఏడీబీ అనే ప్రోగ్రాంను నడిపితే "అలాంటి ఫైల్ గానీ ఫోల్డర్ గానీ లేదు" అని జవాబు. ఫోల్డర్ తెరిస్తే ఏడీబీ నిక్షేపంలా ఉంది. ఇది ఎలా సాధ్యం? అప్పట్లో ఆ ఏడీబీ 32-బిట్ ప్రోగ్రాం, ఆమె ఉబుంటు 64-బిట్‌ది. ఇలాంటి ప్రోగ్రాం లోపల తనను మెమరీలోకి ఎక్కించే లోడర్ పేరు రాసి ఉంటుంది. 32-బిట్ లోడర్ ఆ కంప్యూటర్‌లో లేదు. కెర్నెల్ దాని కోసం వెతికి, దొరక్క, లేదని చెప్పింది. టెర్మినల్ ఆ మాటను ఏడీబీ పేరు పక్కన అచ్చేసింది. పెళ్లికొడుకు విడిదిలోనే ఉన్నాడు, రానిది పురోహితుడు. కబురు మాత్రం పెళ్లికొడుకు లేడని వచ్చింది.

'ఫైల్' అనే కమాండ్‌తో ఏడీబీని పరీక్షించమంటే అది 32-బిట్‌ది అని తేలింది. పాత సూచనలన్నీ ఐఏ32-లిబ్స్ అనే ప్యాకేజీ వేయమంటాయి. ఉబుంటు 13.10లో దాన్ని తీసేశారు. బదులుగా కావలసిన లైబ్రరీల 32-బిట్ రూపాలను, అంటే పేరు చివర ఐ386 అని ఉన్నవాటిని, విడివిడిగా వేయించాను. ఏడీబీ కదిలింది. తర్వాత ఏఏపీటీ అనే మరో ప్రోగ్రాం ఆగింది. కానీ అది జెడ్‌లిబ్ లైబ్రరీ దొరకలేదని పేరు పెట్టి మరీ చెప్పింది. ఆ ప్యాకేజీని ఆమే వెతికి వేసుకుంది. సరిగ్గా చెప్పిన ఎర్రర్‌కు, తప్పుదారి పట్టించిన ఎర్రర్‌కు తేడా అదే.

ఆఖరి చిక్కు యాడ్-ఆన్‌ది. ఏపీఐ 19 యాడ్-ఆన్ ఉంది, డిస్కులో చోటు చాలదని ఏపీఐ 19 ప్లాట్‌ఫామ్‌ను ఆమె తీసేసింది. ఆధారమైన ప్లాట్‌ఫామ్ లేకపోతే ఎస్‌డీకే ఆ యాడ్-ఆన్‌ను లెక్కలోకే తీసుకోదు. దాన్ని తిరిగి వేశాక మ్యాప్ కనిపించింది. ప్రాజెక్టు గడువుకు ఇంకా రెండు రోజులుంది.

తర్వాతి సంవత్సరాల్లో ఈ ప్రోగ్రాంలు 64-బిట్‌కు మారాయి. చిక్కులు మాత్రం కొత్త రూపంలో వచ్చాయి. 2018లో వచ్చిన జావా 11లో కొన్ని పాత భాగాలను తొలగించారు. పాత ఎస్‌డీకే మేనేజర్‌ను దాని మీద నడిపితే పెద్ద ఎర్రర్ కుమ్మరిస్తుంది. చూసినవారు ఎస్‌డీకే పాడైందనుకుంటారు. నిజానికి జావా వెర్షన్ కుదరలేదంతే. ఇప్పటి కమాండ్‌లైన్ టూల్స్‌ను వాటి ఫోల్డర్‌లో 'లేటెస్ట్' అనే మరో ఫోల్డర్ పెట్టి అందులో ఉంచకపోతే, ఎస్‌డీకే ఎక్కడుందో తెలియడం లేదంటాయి. ఇక్కడా లోపం డౌన్‌లోడ్‌లో లేదు.

కాబట్టి మళ్లీ దించే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోమంటాను. ఈ ఫోల్డర్ ఎవరి పేరు మీద ఉంది? ఈ ప్రోగ్రాం ఎన్ని బిట్లది? ఇది దేని మీద ఆధారపడింది? దాని వెర్షన్ కుదిరిందా? ప్రతి కాలేజీ ల్యాబ్‌లోనూ మొదటి వారంలో ఒక గంట ఈ నాలుగింటికి కేటాయిస్తే చాలు. ఆ గంట దొరక్కే, "ఇది నావల్ల కాదేమో" అని చాలామంది పిల్లలు పక్కకు తప్పుకుంటున్నారు. వాళ్లలో ఎందరికో అడ్డుపడింది ఒక్క లైబ్రరీ మాత్రమే.