సగం వాటా అని ఎవరన్నారు?

విడాకులు తీసుకుంటున్నానని చెప్పగానే అందరి నోటా ఒకటే సలహా: "ఆస్తిలో సగం రాయించుకో." ఆఫీసులో ఫ్రెండ్స్ అన్నారు, వాచ్‌మన్ భార్య కూడా అంది. మా పిన్నయితే నాకెంత వస్తుందో ఫోన్‌లోనే లెక్క కట్టేసింది.

లాయర్ మేడమ్ దగ్గర మొదటి అరగంటలోనే ఆ లెక్క గల్లంతైంది. భర్త ఆస్తిలో భార్యకి సగం అనే రూల్ హిందూ వివాహ చట్టంలో లేనే లేదు. కాలిఫోర్నియాలో అలాంటిది ఉంది, ఆ వార్తలు చదివి ఇక్కడా అంతే అనుకుంటాం. ఇక్కడ ఆస్తి ఎవరి పేరున ఉంది, డబ్బు ఎవరు కట్టారు అన్నదే ప్రశ్న. భరణం వేరే సంగతి. దానికి ఫిక్స్‌డ్ ఫార్ములా ఏమీ లేదు. 2020లో రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పాక, భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చూపించాలి. భార్యకి ఉద్యోగం ఉన్నంత మాత్రాన భరణం రాదని కాదు, ఆ జీతాన్నీ లెక్కలోకి తీసుకుంటారంతే.

మా కేసులో అసలు చిక్కు ఫ్లాట్. రిజిస్ట్రేషన్, లోన్ రెండూ ఇద్దరి పేర్లమీదే. "ఫ్లాట్ నేనుంచుకుంటా, ఈఎంఐ నేనే కట్టుకుంటా, నువ్వు పెట్టింది నీకిచ్చేస్తా" అన్నాడు తను. మా ఇంట్లో అంతా హమ్మయ్య అనుకున్నారు. మేడమ్ మాత్రం నవ్వారు. "మీరిద్దరూ రాసుకున్న కాగితంతో బ్యాంకుకేం పనమ్మా? రేపు ఆయన కట్టకపోతే ఫోన్ నీకే వస్తుంది. సిబిల్ స్కోరు నీదీ పడుతుంది."

అందుకే పిటిషన్ వేయకముందే లోన్ లోంచి నా పేరు తీయించాలని, ఆ తర్వాతే నా వాటాకి రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేస్తానని పట్టుబట్టా. ఒక్క జీతం మీద అంత లోన్ కుదరదంది బ్యాంకు. చివరికి వాళ్ల నాన్నగారు కో-అప్లికెంట్‌గా చేరారు. ఈ ఒక్క పనికే నాలుగు నెలలు. వదిలేద్దామనిపించిన రోజులున్నాయి. డౌన్‌పేమెంట్‌లో నా 8 లక్షలు, ఆరేళ్ల ఈఎంఐలో నా సగం, అన్నీ బ్యాంక్ స్టేట్‌మెంట్లలో కనిపిస్తుంటే ఎలా వదులుతాం?

బంగారం గొడవ ఇంకోటి. పెళ్లిలో నాకు పెట్టిన నగలు, అవి పుట్టింటివైనా అత్తింటివైనా, స్త్రీధనమే. అత్తగారి లాకర్లో ఉన్నా నావే. ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు 1985లోనే ఈ మాట చెప్పింది. కానీ ఏమేం ఉన్నాయో మనం చూపించాలిగా! బిల్లులు అమ్మ బీరువాలో పట్టుచీరల మధ్య దొరికాయి. బిల్లు లేని అమ్మమ్మ కాసులపేరు మాత్రం పెళ్లి ఆల్బమ్‌లో నా మెడలో మెరిసిపోతూ కనిపించింది. అప్పట్లో ఫొటోగ్రాఫర్ రేటు విని గోలపెట్టిన నాన్నే ఆ ఆల్బమ్‌ని సంచిలో పెట్టుకుని లాయర్ ఆఫీసుకి మోసుకొచ్చారు.

పరస్పర అంగీకారంతో అయితే సెక్షన్ 13బి. ఏడాదిపాటు విడిగా ఉండాలి, పిటిషన్ వేశాక మళ్లీ ఆరు నెలలు ఆగాలి. కొన్ని కేసుల్లో ఆ ఆరు నెలల్ని కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మాకు చేయలేదు. ఇక్కడో మెలిక ఉంది: డిక్రీ వచ్చేలోపు ఇద్దరిలో ఎవరైనా "నాకిష్టం లేదు" అని వెనక్కి తగ్గొచ్చు. అందుకే నాకు రావాల్సిన దాంట్లో సగం పిటిషన్ వేసిన రోజే తీసుకున్నా. మిగతా సగానికి డీడీ, చివరి వాయిదా రోజు జడ్జిగారి ముందే చేతికొచ్చింది.

అన్నట్టు, ఫీజుకి భయపడి ఆగిపోయినవాళ్లకి ఒక మాట. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. హెల్ప్‌లైన్ 15100.

డిక్రీ వచ్చినంత మాత్రాన నామినీ పేర్లు వాటంతటవే మారిపోవు. పీఎఫ్, ఇన్సూరెన్స్, బ్యాంకు ఖాతా, మూడు చోట్లా అమ్మ పేరు పెట్టా. "నీ తర్వాత నాకెందుకే ఆ డబ్బు!" అని ఫోన్‌లోనే తిట్టింది. ఆధార్ నంబరు మాత్రం వాట్సాప్ చేసింది.