అక్క పెరట్లో జాజిపూల అత్తరు

విజయనగరంలో పొద్దున్నే రైలెక్కితే పలాస, ఇచ్ఛాపురం దాటి మధ్యాహ్నం భోజనాల వేళకి బరంపురంలో దిగిపోవచ్చు. ఇచ్ఛాపురం దాటగానే బోర్డుల మీద రాత మారిపోతుంది గానీ, బజారులో తెలుగు వినపడుతూనే ఉంటుంది. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఈ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే కదా మరి.

మా అక్కని ఇచ్చింది ఆ ఊరే. బావ పోయి రెండేళ్లయింది. మొన్న శ్రావణంలో ఓ పది రోజులు ఉండి వద్దామని వెళ్లాను. వాళ్ల పెరట్లో బావ వేసిన జాజి పందిరి ఉంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను అక్కడికి దగ్గర్లోనే, గోపాలపూర్ వైపే తీరం దాటింది. అప్పుడు పందిరి నేలమట్టమైతే, కొమ్మలు కత్తిరించి మళ్లీ వెదుళ్లు పాతి నిలబెట్టాడు బావ. ఇప్పుడది విరగబూస్తోంది. అక్క పొద్దున్నే చీపురుతో ఆ పూలన్నీ ఊడ్చి ఓ మూల పోగేస్తోంది. చిన్నప్పుడు జడలో పువ్వు లేనిదే గుమ్మం దిగని మనిషి!

“పెట్టుకుంటే ఎవరేమంటారే?” అన్నాను. కొడుకూ కోడలూ కూడా అదే అంటారు. “మీరంతా చెప్పేవాళ్లే, ఊరుకోవే” అంది. పేరంటం పిలుపుకి ఎవరైనా వస్తే వెనక గదిలోకి వెళ్లిపోయేది. నేనిక వాదించలేదు.

ఇది మొగలిపూల కాలం. గోపాలపూర్ చూద్దామని బయల్దేరి, దారిలో మొగలి బట్టీ కనిపిస్తే ఆగాము. పెద్ద రాగి డేగిశాలు, కింద కట్టెల పొయ్యి. పూలూ నీళ్లూ పోసి, మూత చుట్టూ మట్టి మెత్తుతారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి పోయి, నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టిన ఇంకో రాగి బిందెలో చల్లబడుతుంది. ఆ బిందెలో ముందే గంధపు నూనె పోసి ఉంచితే వాసన దానికి పట్టుకుని అత్తరు అవుతుంది, ఉత్త నీళ్లయితే కేవ్డా నీరు. మనం బిరియానీలో చల్లుకునేది అదే. మగ పొదల పూలకే ఆ ఘుమఘుమ అట. మనం జడలో, పట్టుచీరల పెట్టెలో పెట్టుకునే మొగలి రేకులు కూడా ఆ పూలవే.

“జాజిపూలూ ఇలాగే కాస్తారా?” అని అడిగాను. బట్టీ దగ్గరి ముసలాయన నవ్వాడు. “జాజి పసిబిడ్డ తల్లీ, పొయ్యి మీద పెడితే దాని వాసన ఉండదు. నువ్వుల్లో పడుకోబెట్టాల” అన్నాడు. నువ్వులు పరిచి, పైన పూలు, మళ్లీ నువ్వులు. రోజూ పూలు మారుస్తూ పోయి, చివరికి ఆ నువ్వులు గానుగ ఆడించడం పాత పద్ధతి. జాజి కోశాక కూడా ఒక రోజు దాకా వాసన విడుస్తూనే ఉంటుంది, దాన్ని నూనె లాగేసుకుంటుందన్నమాట.

ఊళ్లో గానుగ అతన్ని అడిగితే, కిలో నువ్వులకి గానుగ కట్టనన్నాడు. అందుకని నూలుగుడ్డతో మొదలుపెట్టాను. ఉతికి ఆరేసిన పాత పంచె ముక్కని వాసన తక్కువగా ఉండే తెల్ల నువ్వుల నూనెలో తడిపి, కారకుండా పిండి, స్టీలు పళ్లెంలో పరిచాను. పైన పూలు పేర్చి, ఇంకో పళ్లెం బోర్లించాను. మొదటిసారి వానకి తడిసిన పూలు వేశాను. రెండో రోజుకే పులుపు వాసన, గుడ్డ మీద బూజు. అంతా పారబోశాను. నూనె దండగయిందని నేను గొణుక్కుంటుంటే, అక్క వచ్చి చూసి, “తడి పూలు వేస్తారుటే ఎవరైనా? సాయంత్రం మొగ్గలు కొయ్యాలి” అంది.

ఆ సాయంత్రం తనే బుట్ట పట్టుకుంది. విచ్చబోయే మొగ్గలు కోసి, ఆకుపచ్చ తొడిమలు గిల్లేసి, పొడిగుడ్డ మీద గాలికి ఆరబెట్టింది. రాత్రి ఎనిమిదింటికి విచ్చుకుంటుంటే పళ్లెంలోకి చేర్చాము. మర్నాడు సాయంత్రం పాతవి తీసి కొత్తవి. ఒక్క వాడిన రేకు ఉండిపోయినా ఊరుకునేది కాదు. అలా తొమ్మిది విడతలు. పది రోజులకని వెళ్లినదాన్ని రెండు వారాలు ఉండిపోయాను. ఇంట్లో మావారి వంట ప్రయోగాలు నడిచాయి, ఆ కథ వేరు.

చివరి రోజు గుడ్డ గట్టిగా పిండి, పల్చటి బట్టలో వడగట్టి, నీరు తేరుకునేదాకా ఉంచి పైనూనె మాత్రం తీశాము. చిన్న సీసాడు వచ్చింది. మీరూ చేస్తే ముదురు రంగు సీసాలో, చీకట్లో పెట్టండి. ముందు మోచేతి లోపల చుక్క రాసి, దద్దురు రాకపోతేనే వాడండి. బజారు సెంటులా గుప్పుమనదు, దగ్గరికి వస్తేనే తెలుస్తుంది.

అక్క సీసా మూత తీసి వాసన చూసి, మళ్లీ పెట్టేసి అలమరలో దాచింది. నేను ఏమీ అనలేదు.

మొన్న ఫోన్ చేసింది. “ఆ నువ్వుల నూనె ఏ కొట్లో కొన్నామే? సీసా అడుగంటింది” అంది.