దేవుడికి ఇష్టమైన తూకం

దేవుని మెప్పించే జీవితం అనగానే ఆదివారపు ఆరాధన, ఉపవాస ప్రార్థనలు, కానుకల సంచి మన కళ్ళ ముందు మెదులుతాయి. ఇవి వద్దనేవాణ్ణి కాను. నేనూ వాటి మధ్యనే పెరిగాను. కాని బైబిల్లో దేవుడు తనకు ఇష్టమని చెప్పిన వాటిలో ఒకటి నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. అది తూనికరాయి! దొంగ త్రాసు ఆయనకు అసహ్యమనీ, సరైన రాయి ఆయనకు ప్రీతి అనీ సామెతల గ్రంథం పదకొండో అధ్యాయం మొదట్లోనే ఉంది. సంచిలో పెద్ద రాయొకటి, చిన్న రాయొకటి పెట్టుకోరాదని ధర్మశాస్త్రం ఆంక్ష పెట్టింది. గుడిసంగతులు చెప్పవలసిన గ్రంథం కొట్టుసంగతులు చెప్పడమేమిటని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి.

సైన్సు విద్యార్థిని అయ్యాక ఆ మాట లోతు కొంత తెలిసింది. మన ఫిజిక్సు ల్యాబులో గాజు పెట్టెలో ఉండే త్రాసు మీకు తెలిసిందే. ఊపిరి తగిలినా దాని ముల్లు కదులుతుంది. అంత సున్నితమైన త్రాసుకూ ఒక జబ్బు ఉండవచ్చు. రెండు చేతుల పొడవులో రవ్వంత తేడా ఉంటే ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు బుద్ధిగా మధ్యనే నిలబడుతుంది, సరుకు వేశాక మాత్రం తూకం తప్పుతుంది. దీనికి గౌస్ పేరిట ఒక విరుగుడు ఉంది. వస్తువును ఎడమ పళ్ళెంలో వేసి ఒకసారి, కుడి పళ్ళెంలో వేసి మరొకసారి తూచాలి. రెండు తూకాలనూ గుణించి వర్గమూలం తీస్తే అసలు బరువు తేలుతుంది.

కొండమీది ప్రసంగంలో ఏసు ప్రభువు చెప్పిన ధర్మమూ ఇదే గదా అని నాకు తోచింది. ఎదుటివాడి పళ్ళెంలో నిన్ను నువ్వు పెట్టుకుని చూడు, అప్పుడు తీర్పు చెప్పు అనడమే కదా అది! ఖాళీగా ఉన్నప్పుడు అందరం నీతిమంతులమే. బరువు పడ్డప్పుడే మన చేతుల పొడవు బయటపడుతుంది.

మా భట్టిప్రోలు వైపు రైతుకు ఈ రెండు పళ్ళాలూ ఒకే వారంలో ఎదురవుతాయి. ధాన్యం అమ్మేటప్పుడు తూకం కొనేవాడి చేతిలో ఉంటుంది. కూలి ఇచ్చేటప్పుడు మన చేతిలో ఉంటుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నేనప్పుడు ఇంటర్ రెండో ఏడు. మా చేను పనల మీద ఉంది. నీళ్ళు దిగాక చూస్తే కింది పనలకు మొలకలు. బరకాలు పరిచి ఆరబెట్టినా ధాన్యంలో తేమ తగ్గలేదు. నిబంధన ప్రకారం 17 శాతం మించకూడదు. చివరికి బయట అమ్మితే 75 కిలోల బస్తాకు తరుగు పేరుతో అదనంగా కిలోలకు కిలోలు లాగారు. నాన్న రోజంతా వాదించి, గొంతు పోయి ఇంటికొచ్చాడు.

వాకిట్లో కూలీలు కూర్చుని ఉన్నారు. నాన్న లోపలికొచ్చి, "మనకే కోత పెట్టారమ్మా. వీళ్ళకూ కాస్త తగ్గించక తప్పదేమో" అన్నాడు. నాయనమ్మకు చదువు రాదు. వాక్యం విన్నదే గాని చదివినది కాదు. "వాడు నీకు చేసింది తప్పయితే నువ్వు వీళ్ళకు చేస్తే ఒప్పవుద్దా ఏందిరా అబ్బాయ్? బురదలో మామూలు కంటే ఎక్కువే కష్టపడ్డారు. పొద్దుగూకక ముందే ఇచ్చి పంపు" అంది. నాన్న మరి మాట్లాడలేదు. అమ్మ గాజులు తాకట్టుకు వెళ్ళాయి. ఒప్పుకున్న కూలి ఒప్పుకున్నట్టే ముట్టింది.

మరుసటి ఏడు దేవుడు రెట్టింపు పండించాడని రాస్తే కథ బాగుండును. అలా జరగలేదు. గాజులు విడిపించడానికి ఏడాది పైనే పట్టింది. కాని కోత కోసినవాళ్ళ కూలి బిగబడితే ఆ కూలే మొరపెడుతుందని యాకోబు పత్రికలో ఉంది. ఆ మొర మా గడప మీద లేదు. అంతకు మించిన ఆశీర్వాదం ఏం కావాలి?

మా ఊరు అనగానే చరిత్ర తెలిసినవారికి బౌద్ధస్తూపం గుర్తొస్తుంది. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాల్లో ధాతు పేటికలు బయటపడ్డాయి. కుర అనే ఆయన, ఆయన తల్లిదండ్రులు చేయించారని ఒక పేటిక మీది శాసనం చెబుతుంది. క్రీస్తుకు పూర్వపు దాతల పేర్లు ఇవాళ మనం చదువుకుంటున్నాం. మా చర్చిలోనూ ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు తిరుగుతుంటాయి! అందులో తప్పులేదు. కాని ఎగ్గొట్టకుండా ఇచ్చిన కూలికి, తగ్గించకుండా తూచిన కిలోకి పేరు రాసుకునే చోటు ఎక్కడా ఉండదు. అది దేవుడికీ మనకీ మధ్య లెక్క.

1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఏయే ప్రార్థనలు చేసిందో జనానికి తెలియదు. ఆమె వైద్యం తెలుసు, ఆమె నిలబెట్టిన ఆసుపత్రి తెలుసు. భక్తి బయటికి కనబడవలసిన తీరు అదేననుకుంటాను.

మిత్రులారా! రేపు మనలో కొందరు ధాన్యం గ్రేడు నిర్ణయించే అధికారులు కావచ్చు, కొందరు మందులు రాసే డాక్టర్లు, కొందరు పేపర్లు దిద్దే లెక్చరర్లు కావచ్చు. ఏదో ఒక త్రాసు అందరి చేతికీ వస్తుంది. మీరు ఏ దేవుణ్ణి కొలిచినా, ఎవరినీ కొలవకపోయినా నా మనవి ఒక్కటే. తీర్పు చెప్పే ముందు ఒకసారి పళ్ళాలు మార్చి తూచండి. నామట్టుకు నేను, ఆదివారం పాడిన పాట దేవుడికి నచ్చిందో లేదో సోమవారం నా తూకం చూసి ఆయన చెబుతాడని నమ్ముతున్నాను.