రెండు గురువారాల మధ్య

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని పట్టికల్ని తెర మీద చూపించి, అక్కడే దిద్దుకోనిచ్చే ఓపెన్ సోర్స్ టూల్ ఒకటి ఉంది. చిన్నది. దాని రిలీజుల పని నాది. జీతం లేదు. పగలు హైదరాబాదులో ఉద్యోగం, రాత్రి ఇది. పాత మెయింటైనర్ వయసు మీదపడి తప్పుకున్నాక, రిలీజుల మీద సంతకం చేసే కీ నా చేతికొచ్చింది.

2025 ఫిబ్రవరి ప్లాన్ తేలికే. 10న కొత్త కోడ్ తీసుకోవడం ఆపాలి. రెండు వారాలు టెస్టింగ్. 24, సోమవారం రిలీజ్. 26న శివరాత్రి. ఈసారి జాగారం శివుడి కోసమే చెయ్యాలని నవ్వుకున్నాం కూడా.

పోస్ట్‌గ్రెస్ చిన్న రిలీజులు ఏటా ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరుల్లో వస్తాయి, మామూలుగా రెండో గురువారం. తేదీ ముందే తెలుస్తుంది. అందులో ఏ భద్రతా లోపం ఉందో మాత్రం ఆ రోజే చెబుతారు.

13, గురువారం. ఆఫీసు నుంచి వస్తూ మెట్రోలో ఫోనులో చదివాను. లోపం నంబరు సీవీఈ-2025-1094. తీవ్రత పదికి 8.1. లోపం లిబ్‌పీక్యూలో ఉంది. సర్వర్‌తో మాట్లాడటానికి మాలాంటి టూల్స్ వాడే లైబ్రరీ అది. యూజర్ ఇచ్చిన మాటని కొటేషన్లలో భద్రంగా పెట్టే ఫంక్షన్లు అందులో ఉంటాయి. చెల్లని యూటీఎఫ్-8 బైట్లు వస్తే ఆ ఫంక్షన్లు తప్పుతున్నాయి. కొన్ని సందర్భాల్లో, డేటాగా ఉండాల్సింది ఎస్‌క్యూఎల్ ఆజ్ఞగా నడిచిపోతుంది. ర్యాపిడ్7లో పనిచేసే స్టీఫెన్ ఫ్యూవర్ దీన్ని కనిపెట్టాడు.

మా విండోస్, మ్యాక్ ఇన్‌స్టాలర్లలో ఆ లైబ్రరీని మేమే కలిపి ఇస్తాం. యూజర్ తన సర్వర్‌ని ఎంత అప్‌డేట్ చేసుకున్నా, మేం మార్చేదాకా అతని మెషీన్లో ఉండేది పాతదే. ఎవరెవరు వాడుతున్నారో మా దగ్గర లెక్క లేదు. ఆసుపత్రుల వాళ్లు రాసిన ఉత్తరాలు గుర్తొచ్చాయి. అమీర్‌పేటలో దిగాల్సినవాణ్ణి మియాపూర్ దాకా పోయాను.

24 ప్లాన్ అక్కడితో అయిపోయింది. టెస్టింగ్‌లో ఉన్న కొత్త కోడ్ పక్కన పెట్టి, పాత వెర్షన్‌లో లైబ్రరీ ఒక్కటే మార్చి పంపాలి.

14, శుక్రవారం. తెల్లారేసరికి జ్వరం, 102. తెర వైపు చూస్తే కళ్లు మండుతున్నాయి. కీ ఒక చిన్న యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. బీరువాలో అమ్మ నగల పెట్టె పక్కన పెడతాను. దాని మీద వేలు పెడితేగానీ సంతకం పడదు. నేను లేవలేకపోతే ఈ రిలీజ్ ఇంకెవరూ చేయలేరు. అది ఎప్పట్నుంచో తెలిసిన సంగతే. భయం మాత్రం ఆ రోజే వేసింది.

మధ్యాహ్నం ఒక మెసేజ్. ఆర్నెల్ల కిందట మాతో చేరిన కుర్రాడు. కాకినాడ వాడు, పుణెలో ఉద్యోగం. ముఖాముఖి ఎప్పుడూ చూడలేదు. "బిల్డ్ నేను చేస్తాను అన్నా, మీరు పడుకోండి."

చాలాసేపు జవాబివ్వలేదు. 2024 మార్చి 29 సంగతి మనసులో ఉంది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఎందుకు ఆలస్యమవుతోందని తవ్వి, ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దొంగదారి ఉందని బయటపెట్టాడు. దాన్ని పెట్టింది రెండేళ్లకు పైగా సాయం చేసి, నమ్మకం సంపాదించి, మెయింటైనర్ అయిన వ్యక్తి. అలసిపోయిన మెయింటైనర్, అడక్కుండానే ముందుకొచ్చిన సహాయకుడు. నా మంచం దగ్గరా అదే పరిస్థితి.

సిగ్గుపడుతూనే రాశాను, నువ్వెవరో నాకు సరిగ్గా తెలియదని.

"అనుమానించాల్సిందే అన్నా. మీరూ విడిగా బిల్డ్ చేయండి. రెండూ పోల్చుకుందాం" అన్నాడు.

రాత్రి ఫోన్ చేశాడు. ఫైలుకి వేలిముద్రలాంటి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ 64 అక్షరాలు. అతను చదువుతుంటే నేను తెర మీద వేలు పెట్టి చూసుకున్నాను. మెసేజ్‌లో పంపినా సరిపోయేది. ఆ రాత్రి ఒక గొంతు వినాలనిపించింది. మ్యాక్‌ది కలిసింది. విండోస్‌ది మొదటి అక్షరం దగ్గరే తేడా. ఇద్దరం మాట్లాడలేదు. నాకు చెమటలు పట్టాయి, జ్వరానికో దేనికో. వెతగ్గా వెతగ్గా, బిల్డ్ చేసిన సమయం ఇన్‌స్టాలర్ లోపల నమోదవుతోందని తేలింది. ఇద్దరం ఒకే సమయం పెట్టి మళ్లీ చేశాం. కలిసింది.

15, శనివారం. సంతకం పెట్టబోతుంటే పోస్ట్‌గ్రెస్ వాళ్ల ప్రకటన కనబడింది. 13న ఇచ్చిన సవరణలోనే పొరపాటు ఉందట. 20న ఇంకో రిలీజ్ ఇస్తారట. ఇచ్చిన పొడవు దగ్గర ఆగకుండా, ఆ కొటేషన్ ఫంక్షన్లలో రెండు, మాట చివరిదాకా చదివేస్తున్నాయి. ఇప్పుడు పంపాలా, ఐదు రోజులు ఆగాలా? నాకు ఏడుపొచ్చినంత పనైంది. పాత మెయింటైనర్‌కి ఫోన్ చేశాను. అతనున్న చోట అప్పుడు అర్ధరాత్రి. విసుక్కోలేదు. "మీ కోడ్ ఎక్కడైనా మాటని మధ్యలో తెంచి ఆ ఫంక్షన్లకి ఇస్తోందా? ముందు అది చూడు" అన్నాడు. ఆ ఫంక్షన్లని మా కోడ్ పిలిచే చోట్లన్నీ కుర్రాడూ నేనూ వరసగా చూశాం. ఎక్కడా తెంచడం లేదు. పంపేశాం.

పంపేముందు విండోస్‌లో పరీక్షించింది వరంగల్‌లో ఒక కాలేజీ ల్యాబ్ చూసే మేడమ్. సెలవు రోజున వాచ్‌మన్‌తో ల్యాబ్ తీయించి, పాత మెషీన్లన్నిటిలో ఎక్కించి చూశారు. నేను ఆవిడకి చేసిన సాయం ఏదీ లేదు. అంతకుముందు ఒక బగ్ గురించి ఉత్తరం రాస్తే జవాబిచ్చాను, అంతే.

20, గురువారం పోస్ట్‌గ్రెస్ 17.4 వచ్చింది. మళ్లీ అదే వరస. ఈసారి జ్వరం లేదు, హ్యాష్‌లు మొదటిసారే కలిశాయి.

24న రావాల్సిన వెర్షన్ మార్చిలో వచ్చింది. ఆలస్యమైందని కొందరు కోప్పడ్డారు. లైబ్రరీ మార్చాల్సి వచ్చిందని ఒక్క లైను రాసి ఊరుకున్నాను.

ఏప్రిల్‌లో ఆ కుర్రాడు హైదరాబాదు వచ్చాడు. గుర్తింపు కార్డులు ఒకరివి ఒకరం చూసుకుని, అతని పేరు మీద రెండో కీ చేయించాం. మే 8న 17.5 వచ్చింది. మళ్లీ భద్రతా లోపమే, లిబ్‌పీక్యూనీ తాకేదే. బిల్డ్ అతను చేశాడు, సంతకం అతనే పెట్టాడు. నా టోకెన్ బల్ల మీద పెట్టుకుని నేనూ మేలుకునే ఉన్నాను. దాని అవసరం పడలేదు.