పలక మీద కొరియా మాటలు

వానలు ముఖం చాటేసిన ఏడు మా పెద్దారవీడు నుండి గుంటూరుకో, హైదరాబాదుకో పనికి పోవడం కొత్త కాదు. కాని మా అబ్బాయి ప్రయాణం కొరియాకు! 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ మొదలైనప్పటి నుండి ఆ చుట్టుపక్కల కొరియా మాట వినిపిస్తోంది. అక్కడే ఒక చిన్న కంపెనీలో పనిచేసే మావాణ్ణి శిక్షణకు పంపారు.

వెళ్ళేముందు వారం రోజులు ఇంట్లో ఉన్నాడు. మార్కాపురం పలక ఒకటి పట్టుకొని అరుగు మీద కూర్చొని మాటలు దిద్దేవాడు. యొక్ అంటే స్టేషన్. ప్యో అంటే టిక్కెట్టు. ఒదియేయో అంటే ఎక్కడుంది. ఒల్మాయేయో అంటే ఎంత.

"బూసాన్ గానున్ ప్యో తూ జాంగ్ జుసేయో" అంటే "బూసాన్ వెళ్ళే టిక్కెట్లు రెండు ఇవ్వండి" అని అర్థం. చూశారా, క్రియ మనకులాగే చివరనే వచ్చింది! హల్బర్ట్ అనే అమెరికా మిషనరీ 1905లోనే కొరియా వ్యాకరణాన్ని ద్రావిడ భాషలతో పోల్చి పుస్తకం వ్రాశాడు. రెండింటికీ చుట్టరికం ఉందంటే నేటి పండితులు ఒప్పుకోరు గాని, వాక్యం నడక మాత్రం మనకు తెలిసినదే.

చిక్కల్లా అంకెలతోనే. మూడున్నరను "సే షి సామ్‌షిప్ పున్" అంటారు. గంటల దగ్గర మూడు "సే", నిమిషాల దగ్గర "సామ్". పొరపాటుగా వింటే రైలు తప్పినట్టే.

ఇవన్నీ విని మా అమ్మ అడిగింది: "ఒరే నాయనా, దారి తప్పితే ఏమని అడుగుతావురా?"

వాడి పలక మీద ఆ మాట లేదు. మా అమ్మకు చదువు రాదు. ఒకసారి బోర్డు తెలియక వేరే స్టేషన్లో దిగిపోయి, ఎవరినో బతిమాలి ఇల్లు చేరింది. అందుకే ఆ ప్రశ్న. వాడు పుస్తకం వెదకి "తోవాజుసేయో" అని వ్రాశాడు. సహాయం చేయండి అని అర్థం.

"తోవ చూపమన్నట్టే ఉందిగదరా! ఇది మరిచిపోవు" అంది మా అమ్మ.

వాడు వెళ్ళిన పదో రోజు ఫోను చేశాడు. స్టేషన్లో తికమకపడి నిలబడితే, నేర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదట, నాయనమ్మ అడిగి వ్రాయించిన మాట తప్ప. అది విన్న ఒక పెద్దాయన వాడి వెంట నడిచి రైలు దగ్గర దించి వెళ్ళాడట.

పిల్లలను దూరం పంపే తల్లిదండ్రులారా, సామాను సర్దేటప్పుడు ఆ ఊరి భాషలో ఈ ఒక్క మాట కూడా కట్టి పంపండి.